స్పేస్ ఇంజనీర్స్‌లో యుద్ధ నౌక: ఏ బ్లాకు ముందు పోవాలో మీరే తేల్చుకోండి

కిందటి వానాకాలం నేనూ మా తమ్ముడూ, అంతరిక్షంలో బ్లాకులు పేర్చి ఓడలు కట్టే స్పేస్ ఇంజనీర్స్ అనే వీడియో గేమ్‌లో పదిహేను రోజులు కూర్చుని ఒక యుద్ధ నౌక కట్టాం. ముందు భాగమంతా హెవీ ఆర్మర్, అంటే బరువైన కవచం బ్లాకులు, మూడు వరసలు. చూస్తే ఏనుగు కుంభస్థలంలా ఉండేది. మొదటి పోరులోనే ఓడిపోయాం. ముందు గోడ మీద గీత కూడా పడలేదు. ఎదుటివాడు పక్కకు వచ్చి, కాక్‌పిట్‌కీ ఇంజిన్లకీ మధ్య సన్నగా ఉన్న నడుము మీద రాకెట్లు వదిలాడు. అక్కడ మూడు బ్లాకులు పోగానే ఓడ రెండు ముక్కలైంది. ఇంజిన్లన్నీ ఉన్న వెనక ముక్క మెల్లగా గిరగిరా తిరుగుతూ దూరంగా వెళ్ళిపోతుంటే, మేం ముందు ముక్కలో కూర్చుని చూస్తున్నాం.

షిప్‌యార్డులో పని చేసి రిటైరైన మా మావయ్య ఆ రోజు గాజువాకలో మా ఇంట్లోనే ఉన్నారు. టీ గ్లాసు పట్టుకుని మా వెనక నిలబడ్డారు.

"ముందర అంత ఇనుము పెట్టినావు, నడుం దగ్గర ఏటిరా అంత సన్నంగా వదిలేసినావు? లోపల ఫ్రేములేవి?"

"ఇది గేమ్ మావయ్యా, ఇందులో ఫ్రేములవీ ఉండవు."

"మరి ఇరిగిందిగా" అని టీ తాగడంలో పడిపోయారు.

ఆ రోజు నుంచి కట్టే పద్ధతే మార్చాను. ఆ పద్ధతి ఇక్కడ వరసగా చెబుతున్నాను. చెప్పే లెక్కలన్నీ మొదటి స్పేస్ ఇంజనీర్స్‌కి, అందులోనూ లార్జ్ గ్రిడ్‌కి, అంటే పెద్ద సైజు బ్లాకులతో కట్టే ఓడలకి. 2025 జనవరిలో ఎర్లీ యాక్సెస్‌గా వచ్చిన రెండో భాగంలో బ్లాకుల కొలతలే వేరు, అక్కడ ఈ అంకెలు పనికిరావు.

ముందు కాగితం తీయండి

గేమ్ తెరవకముందే ఒక కాగితం మీద రెండు జాబితాలు రాయండి. ఒకటి, పోతే ఓడ పోయినట్టే అనుకునేవి. రెండోది, పోయినా పోరు ఆగనివి.

మొదటి జాబితా మీరనుకున్నంత పెద్దదేమీ కాదు. మీరు కూర్చునే సీటు, రియాక్టర్ లేదా బ్యాటరీలు, ఓడను తిప్పే గైరోస్కోపులు, మందుగుండు మోసే ప్రధాన కన్వేయర్ లైను, కనీసం సగం ఇంజిన్లు. అంతే. మిగతా రిఫైనరీ, అసెంబ్లర్, మెడికల్ రూము, మీరు ముచ్చటపడి పెట్టుకున్న అద్దాల బాల్కనీ అన్నీ రెండో జాబితాలోవే. మా తమ్ముడు బాల్కనీని మొదటి జాబితాలో రాశాడు. వాడితో వాదించడం నా వల్ల కాదు.

సీటు గురించి ఒక మాట. అద్దాల కాక్‌పిట్‌ని ముక్కు మీద పెట్టడం అందరూ చేసే పొరపాటు. చూడటానికి బాగుంటుంది, మొదట పోయేదీ అదే. ఓడ మధ్యలో కంట్రోల్ సీటు పెట్టి, బయట మూడు నాలుగు చోట్ల కెమెరాలు బిగించి, టూల్‌బార్ నుంచి చూస్తూ నడపండి. రెండు రోజుల్లో అలవాటైపోతుంది. కెమెరా పోతే ఇంకో కెమెరా ఉంటుంది, మీరు పోతే పోరు అక్కడితో సరి.

తర్వాత ఎముకలు

ఈ గేమ్‌లో ఆర్మర్ బ్లాకే చర్మం, ఆర్మర్ బ్లాకే ఎముక. బ్లాకుకి బ్లాకు తగిలి ఉన్నంతవరకే అది ఒక ఓడ. ఆ తగులు తెగిన క్షణం అవతలి ముక్క వేరే గ్రిడ్, అంటే విడి వస్తువు, అయిపోతుంది, మీ చేతి కింద ఉండదు. అందుకే చర్మం గురించి ఆలోచించే ముందు ఎముకలు వేయాలి.

విశాఖ ఆర్.కె. బీచ్‌లో కురుసుర జలాంతర్గామి లోపలికి వెళ్ళి చూశారా? చూడకపోతే ఈ పని కోసమైనా ఒకసారి వెళ్ళండి. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002 నుంచి మ్యూజియంగా ఇసుక మీద నిలబడి ఉంది. బయట కనిపించేది పలుచని పొట్టు. నీటి ఒత్తిడిని తట్టుకునే అసలు గట్టి గొట్టం దాని లోపల ఉంటుంది, రెంటికీ మధ్య బ్యాలస్ట్ ట్యాంకులు, మునగడానికి నీళ్ళు నింపుకునేవి. లోపలేమో ఏడు గదులు. ఒక గది నుంచి ఇంకో గదికి పోవాలంటే గుండ్రటి తలుపులో నడుం వంచి, కాలు ముందు పెట్టి దూరాలి. చిన్నప్పుడు స్కూలు వాళ్ళు తీసుకెళ్తే, వరసలో ఆలస్యమవుతోందని ఆ తలుపుల్ని తిట్టుకున్నాం. ఒక గదిలోకి నీళ్ళొస్తే ఆ గది వరకే ఆగాలని ఆ గోడలు పెట్టారని అప్పుడు ఎవరికి తెలుసు?

మీ ఓడకీ అదే చేయండి. పొడవునా ఒక వెన్ను వేయండి. వెన్ను అంటే ఒకే వరస బ్లాకులు కాదు, కనీసం రెండు వేరు వేరు దూలాలు. ఒకటి పైన, ఒకటి కింద, మధ్యలో మూడు నాలుగు బ్లాకుల ఎడం ఉండాలి. ఒకే పేలుడులో రెండూ పోకూడదన్నదే ఆ ఎడం లెక్క. ఈ దూలాలకు హెవీ ఆర్మర్ వాడండి. హెవీ మీద ఖర్చు పెట్టాల్సిన మొదటి చోటు ఇదే, ముక్కు కాదు.

ప్రతి ఆరేడు బ్లాకులకు ఒక అడ్డగోడ వేయండి, మావయ్య భాషలో బల్క్‌హెడ్. దీనికి లైట్ ఆర్మర్, అంటే తేలికపాటి కవచం బ్లాకు, సరిపోతుంది. ఒక గదిలో ఏదైనా పేలితే పక్క గదిలోకి పోకుండా ఆపడం దీని మొదటి పని. రెండు దూలాలనూ నాలుగు చోట్ల కట్టి ఉంచడం రెండో పని. ఒక దూలం ఒకచోట తెగినా, అడ్డగోడల మీదుగా రెండో దూలంతో తగులు ఉంటుంది, ఓడ విరగదు.

వెన్ను, గోడలు పూర్తయ్యాక ఒక పరీక్ష చేయండి. ఓడ చుట్టూ తిరుగుతూ, "ఇక్కడ మూడు బ్లాకులు తీసేస్తే ఏదైనా విడిపోతుందా?" అని ప్రతి సన్నని చోటా అడగండి. అనుమానం వస్తే బ్లాకుల్ని విప్పే గ్రైండర్ పట్టుకుని నిజంగానే తీసి చూడండి. మా పాత ఓడకి ఈ పరీక్ష పెట్టుంటే ఐదు నిమిషాల్లో బండారం బయటపడేది.

ఇక చర్మం: పలుచగా, దూరంగా

అసలు సంగతి ఇక్కడుంది కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

లార్జ్ గ్రిడ్‌లో ఒక బ్లాకు 2.5 మీటర్ల ఘనం. లైట్ ఆర్మర్ బ్లాకుకి 25 స్టీల్ ప్లేట్లు పడతాయి, బరువు 500 కిలోలు. హెవీ ఆర్మర్‌కి 150 స్టీల్ ప్లేట్లు, 50 మెటల్ గ్రిడ్లు కావాలి, బరువు 3,300 కిలోలు. మెటల్ గ్రిడ్‌కి ఇనుముతో పాటు నికెల్, కోబాల్ట్ కూడా కావాలి. సర్వైవల్‌లో, అంటే సరుకంతా తామే తవ్వి తెచ్చుకుంటూ, ఆడేవాళ్ళకి ఆ కోబాల్ట్ దగ్గరే కళ్ళు తిరుగుతాయి.

పది బ్లాకుల వెడల్పు, పది బ్లాకుల ఎత్తు గోడ ఒకటి కడుతున్నామనుకోండి. హెవీతో ఒక్క వరసకే 330 టన్నులు. అదే లైట్‌తో అయితే 50 టన్నులు, రెండు వరసలు వేసినా 100. మిగిలిన 230 టన్నులు మీ ఇంజిన్లు మోయక్కర్లేదు.

బరువుదేముంది, అంతరిక్షమే కదా అనుకోకండి. అక్కడ బరువు లేకపోయినా ద్రవ్యరాశి ఎక్కడికీ పోదు. లార్జ్ అయాన్ థ్రస్టర్ అనే ఇంజిన్ ఒకటి 4.32 మెగాన్యూటన్ల తోపు ఇస్తుంది. అలాంటివి రెండు పెట్టుకున్న 600 టన్నుల ఓడ, సెకనుకు 100 మీటర్ల వేగం నుంచి ఆగడానికి దాదాపు 350 మీటర్లు తీసుకుంటుంది. ఆర్మర్ వేసి వేసి అదే ఓడను 1,200 టన్నులు చేశారా, దాదాపు 700 మీటర్లు. గ్యాట్లింగ్ టర్రెట్, అంటే గురి వైపు తిరిగి కాల్చే తుపాకీ, 800 మీటర్ల వరకు కొడుతుంది. అంటే మీరు ఆగేసరికి అవతలివాడి గుమ్మంలో ఉంటారు. కవచం కాపాడటం మాట దేవుడెరుగు, అదే తీసుకెళ్ళి అప్పగిస్తుంది.

కాబట్టి బయట లైట్ ఆర్మర్ ఒక వరస వేసి, రెండు బ్లాకుల ఖాళీ వదిలి, లోపల అసలు గోడ కట్టండి. ఆ అసలు గోడ కూడా అంతటా హెవీ అక్కర్లేదు. మొదటి జాబితాలోవి ఎక్కడున్నాయో ఆ మేరకు హెవీ, మిగతా చోట లైట్.

ఖాళీ ఎందుకంటే, రాకెట్ దేనికి ముందు తగిలితే అక్కడే పేలుతుంది. బయటి పొట్టుకు తగిలి పేలితే, పేలుడుకీ మీ అసలు గోడకీ మధ్య 5 మీటర్ల శూన్యం ఉంటుంది. ఆ ఐదు మీటర్లకు ఒక్క స్టీల్ ప్లేటు కూడా ఖర్చు కాదు. ఈ ఉపాయం గేమ్‌వాళ్ళు కనిపెట్టింది కాదు. ఉల్కా రేణువుల నుంచి అంతరిక్ష నౌకల్ని కాపాడటానికి ఫ్రెడ్ విప్పుల్ అనే ఖగోళ శాస్త్రవేత్త 1940లలోనే చెప్పాడు. పలుచని రేకు ఒకటి ముందు ఉంచితే, వేగంగా వచ్చే రేణువు దానికి తగిలి పొడిపొడి అవుతుంది, వెనక గోడ మీద ఆ దెబ్బ ఒకేచోట పడకుండా పరుచుకుంటుంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మీద ఇప్పటికీ ఉన్నవి ఆ జాతి కవచాలే.

పొట్టు గాలిలో నిలబడదు కదా, లోపలి గోడకు కట్టాలి. ఈ కట్టు బ్లాకుల్లోనే చాలామంది చెడగొట్టుకుంటారు. భయం కొద్దీ రెండేసి బ్లాకులకు ఒక కట్టు పెడితే ఖాళీ అంతా నిండిపోతుంది, పేలుడు ఆ కట్టుల మీదుగా నేరుగా లోపలి గోడను పట్టుకుంటుంది. మరీ తక్కువ పెడితే ఒక దెబ్బకి పొట్టంతా ఊడి వస్తుంది. నేను చేసేదేమిటంటే, పొట్టును నాలుగు బ్లాకుల వెడల్పు, నాలుగు బ్లాకుల ఎత్తు పలకలుగా విడదీస్తాను. ప్రతి పలకకూ ఎదురెదురు మూలల్లో రెండే కట్లు, రెండూ లైట్ ఆర్మరే. పలకకీ పలకకీ మధ్య ఒక బ్లాకు సందు. ఒక పలక పోతే ఆ పలకే పోతుంది. సందులోంచి ఎప్పుడో ఒక రాకెట్ దూరుతుంది, దూరనివ్వండి. దాని వెనక అసలు గోడ ఉందిగా.

ఊడిన పలక ఊరికే ఉండదన్నది మాత్రం గుర్తుంచుకోండి. అదో విడి ముక్కై తేలుతూ, మీరు గబుక్కున తిరిగితే మీ టర్రెట్‌కే గుద్దుకుంటుంది. పలక ఊడిందని కనిపిస్తే ఆ వైపుకు తిరగకండి, ముందు ఎదురు దిశలో జరగండి.

వాలు బ్లాకులు కూడా వాడుకోండి. లైట్ వాలు బ్లాకుకి 13 ప్లేట్లు, మూల బ్లాకుకి 4 ప్లేట్లే. పలకల అంచుల్లో అవి పెడితే ఖర్చు తగ్గుతుంది, చూడటానికీ డబ్బాలా ఉండదు.

రైల్‌గన్ వచ్చిందా, ఈ లెక్క మారుతుంది

పై ఉపాయమంతా రాకెట్లకి. రైల్‌గన్ గుండు పేలదు, పొడుచుకుపోతుంది. ఒక బ్లాకు పగలగొట్టాక దానిలో శక్తి మిగిలితే వెనక బ్లాకులోకి, అక్కడా మిగిలితే ఇంకో దానిలోకి పోతుంది. ఖాళీ దాన్ని ఆపదు. దారిలో ఎంత సరుకు ఉందన్నదే లెక్క.

మూడు కిలోమీటర్ల హెవీ గోడ కట్టలేం కాబట్టి, దీనికి మందు గోడల్లో లేదు, అమరికలో ఉంది. మీ కాగితం మీద మొదటి జాబితాలోవన్నీ ఓడ బొమ్మలో గుర్తించి, ముందు నుంచి, పక్క నుంచి, పై నుంచి స్కేలు పెట్టి గీతలు గీయండి. ఏ గీతా సీటు, రియాక్టర్ రెంటినీ ఒకేసారి తాకకూడదు. తాకుతుంటే ఒకదాన్ని రెండు బ్లాకులు పక్కకు జరపండి. రియాక్టర్లు రెండు ఉంటే ఒకటి ముందు, ఒకటి వెనక, అదీ వేరు వేరు అంతస్తుల్లో. కన్వేయర్ కూడా ఒకే గొట్టం మీద నడవకూడదు. అది తెగితే టర్రెట్లు తమ పొట్టలో ఉన్న మందుగుండు అయ్యేదాకా కొట్టి ఊరుకుంటాయి. చుట్టు తిరిగి వచ్చే రెండో దారి ఒకటి వేసి ఉంచండి.

రెండో జాబితాలోవాటిని గోడలుగా వాడుకోవచ్చు కూడా. సీటుకు ముందు ఖాళీ కార్గో డబ్బా ఉందంటే అదీ ఒక అడ్డమే. రిఫైనరీ యుద్ధంలో పనికిరాదని ఎవరన్నారు? అంత బరువైన సరుకు గుండుకు అడ్డంగా నిలబడితే అంతకన్నా ఏం కావాలి.

బ్లాకులు పెట్టకూడని చోట్లు

థ్రస్టర్ మంట ముందు. కాపాడుతున్నామనుకుని వెనక వైపు మూసేస్తే మీ మంటే మీ ఆర్మర్‌ను కరిగిస్తుంది. ఎంత దూరం వదలాలన్నది థ్రస్టర్ సైజును బట్టి ఉంటుంది. థ్రస్టర్లను పక్కల నుంచి కాపాడండి, వెనక తెరిచి ఉంచండి.

టర్రెట్ కళ్ళ ముందు. పొట్టు కట్టాక టర్రెట్‌లో కూర్చుని మీరే చుట్టూ తిప్పి చూడండి.

హైడ్రోజన్ ట్యాంకు చుట్టూ నాలుగు వైపులా గట్టి గోడ కట్టి మధ్యలో దాచడం కూడా వద్దు. గ్యాస్ నిండిన ట్యాంకు పోతే పేలుతుంది, ఆ పేలుడు మీ ఓడ కడుపులోనే జరుగుతుంది. దాన్ని ఒక అంచున పెట్టి, ఓడ వైపు హెవీ గోడ వేసి, బయటి వైపు పలుచని పొట్టుతో వదిలేయండి.

ఒక ఎర

విశాఖ నౌకాశ్రయం 1933లో మొదలైంది. దాన్ని కట్టే రోజుల్లో, లోపలికి వచ్చే దారిని అలల నుంచి కాపాడటానికి రెండు పాత ఓడల్ని అక్కడ కావాలనే ముంచారు. అలలు వాటికి కొట్టుకుంటాయి, లోపలికి వచ్చే ఓడలు నిమ్మళంగా వస్తాయి. డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు వెళ్ళినప్పుడల్లా ఆ సంగతి గుర్తొస్తుంది నాకు.

గేమ్‌లో డికాయ్ అనే బ్లాకు ఆ పనికే ఉంది. అవతలివాడి ఆటోమేటిక్ టర్రెట్లు మిగతా వాటికన్నా దాని మీదకు ఎగబడతాయి. దీన్ని ఓడ గోడకు అంటించి పెట్టడం ఎంత తెలివితక్కువో ఆలోచించండి, శత్రువుని ఇంటికి పిలిచినట్టే. ఐదారు లైట్ బ్లాకుల కొమ్మ ఒకటి పైకి లేపి, దాని చివర పెట్టండి. గురి తప్పిన గుళ్ళు కొమ్మ దాటి శూన్యంలోకి పోవాలి, మీ ఓడలోకి రాకూడదు. అందుకని కొమ్మ ముందుకు కాదు, పైకో కిందకో ఉండాలి. రెండు కొమ్మలు పెడితే ఇంకా మేలు. మనిషి చేత్తో గురిపెడితే ఈ ఎర పనిచేయదు, అది వేరే సంగతి.

కాల్చి చూడండి

పోరుకు పోయేముందు మీ ఓడను మీరే పగలగొట్టండి. కంట్రోల్ బి నొక్కి బ్లూప్రింట్ దాచుకోండి. సరుకు ఖర్చు లేకుండా కట్టుకునే క్రియేటివ్ వరల్డ్ ఒకటి తెరిచి, ఎఫ్10తో ఆ బ్లూప్రింట్ తీసి, ఒక కాపీ దించండి. రాకెట్ లాంచర్ బిగించిన చిన్న పడవ ఒకటి కట్టుకుని, ముందు నుంచి పది, పక్క నుంచి పది, కింద నుంచి పది రాకెట్లు వదలండి. కింద నుంచి చాలామంది కాల్చి చూడరు. అంతరిక్షంలో కింద అనేది లేదని తెలిసినా, కట్టేటప్పుడు మన బుర్ర నేల మీదే ఉంటుంది.

కాల్చాక దగ్గరకు వెళ్ళి బొక్కలో తల పెట్టి చూడండి. మా రెండో ఓడకి పక్క నుంచి మూడో రాకెట్‌కి ఒక పలక పోయింది, నాలుగోది ఆ సందులోంచి లోపలి గోడకు తగిలింది. లోపలి గోడ సొట్టపోయి నల్లబడింది కానీ నిలబడింది. ఐదోది కూడా అక్కడే పడింది. అప్పుడు గోడకు ఒక బ్లాకంత చిల్లు పడి, అందులోంచి అడ్డగోడ కనిపించింది. అడ్డగోడ వెనక రియాక్టర్. దానికేమీ కాలేదు. మా తమ్ముడు ఇంకోటి వదులుతానన్నాడు, సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

ఏ చోట రెండో రాకెట్‌కే లోపలి వస్తువు కనిపించిందో అక్కడే బ్లాకులు కలపండి. ఐదు రాకెట్లు తట్టుకున్న చోట ఇంకా కలపకండి, వీలైతే తీసేయండి. ఆర్మర్ ఎక్కడ తగ్గించాలో కూడా ఈ పరీక్షే చెబుతుంది.

మరమ్మతుకు సరుకు

పొట్టు పోతుందని తెలిసే కట్టాం కాబట్టి దాన్ని తిరిగి వేసే ఏర్పాటూ ఓడలోనే ఉండాలి. ఒక ప్రొజెక్టర్ పెట్టి, అందులో మీ ఓడ బ్లూప్రింటే ఎక్కించి, ఓడకు సరిగ్గా సరిపడేలా జరిపి ఉంచండి. ఏ బ్లాకు పోయినా ఆ చోట నీడలా కనిపిస్తుంది, వెల్డర్ పట్టుకుని దాని మీద కడుతూ పోవడమే.

సరుకు లెక్క కూడా ముందే వేసుకోండి. ఒక పోరులో నలభై పొట్టు బ్లాకులు పోతాయనుకుంటే, నలభై ఇరవై ఐదులు వెయ్యి ప్లేట్లు. ఒక్కో ప్లేటు 20 కిలోలు, మొత్తం 20 టన్నులు. చోటు 3,000 లీటర్లు, లార్జ్ గ్రిడ్ చిన్న కార్గో డబ్బాలో ఐదో వంతు కూడా నిండదు. పొట్టు మొత్తం లైట్ కాబట్టి కోబాల్ట్ కోసం ఎక్కడికీ పరిగెత్తక్కర్లేదు.

పోరయ్యాక మాత్రం ముందు పొట్టు దగ్గరకు పోకండి. కంటికి కనిపించేది అదే కాబట్టి చెయ్యి అటే పోతుంది. మొదట రెండు దూలాలూ చూడండి, తర్వాత అడ్డగోడలు, తర్వాత కన్వేయర్, చివర పలకలు. మొన్న దసరాకి వచ్చినప్పుడు మావయ్య మళ్ళీ వెనక నిలబడి చూశారు. నేను లోపల దూలం వెల్డింగ్ చేస్తున్నాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని, స్క్రీన్ మీద వేలు పెట్టి, "ఇదిగో, ఈ ఫ్రేము దగ్గర ఇంకో బ్లాకు ఎయ్యి" అన్నారు. వేశాను.